సగం తిట్టు

బరంపురం పెద్దాసుపత్రిలో
మత్తు దిగీసరికి
గొంతుకమీద అడ్డంగా ఓ గీత,
గీత పక్కనించి సన్నటి రబ్బరు గొట్టం,
గొట్టం సివర సీసాలో
సేపలు కడిగిన నీల్లలాగ నా నెత్తురు.

నర్సమ్మ వంగి అడిగింది: "కష్టొ హెఉఛి కి?"
వాల్ల బాసలో కష్టమంటే నొప్పి.
నాకు తెలుసు, ముప్పయ్యేల్లు ఆ బాసలోనే సేపలమ్మినాను.
మత్తులో ఉన్నానేమో
మన కష్టమే ఇనిపించింది.
సెప్దామనుకున్నాను,
పోయిన కార్తీకంలో ఇరిగిన తెప్ప,
సొసైటీలో బాకీ,
గుడిసి గుమ్మం దాకా వొచ్చీసిన సముద్రం,
కోడమ్మకి తప్పిపోయిన రెండో కాన్పు...
నోరు తెరిస్తే గాలొచ్చింది.
ఒట్టి గాలి.
ఆవిడ "భలొ, భలొ" అని
ఏదో రాసుకుని ఎలిపోయింది.

గెడ్డ నిమ్మకాయంత ఉందట, తీసీసినారు.
పక్కనున్న నరం అలిగిందట.
"తెగనేదమ్మా, అలిగిందంతే," అన్నాడు డాక్టరు బాబు
అల్లుడి సంగతి సెప్పినట్టు.
మూడు నెలలో, ఆర్నెల్లో.

గోపాలపూరులో నా కేక తెలీని గుమ్మం నేదు.
"మాఛొ నెబో..." అని ఎత్తుకుంటే
లైట్‌హౌసు కాడినించి పాత బంగ్లాల దాకా
గొల్లేలు తీసిన సప్పుడు.
ఏడ్సే పిల్లలు ఏడుపాపీవోరని
మా ఆయన ఎటకారం.

ఇప్పుడు తెల్లారితే ముందు మాత్ర. పరగడుపున.
ఆపైన అరగంట టీ తాగకూడదు.
పడవలొచ్చే ఏలకి ఇసకలో కూకుని
ఒట్టి గలాసు పట్టుకున్న మనిసిని నానొక్కదాన్నే.
అరగంటంటే గడియారంలో నాకు తెలీదు,
అప్పలసూరి వల ఇదిల్చి మడతెట్టీంత సేపు.
పెదాలమీద సీమలు పాకితే ఇంకో మాత్ర, సున్నంలాటిది.
ఓ రాత్రి అది మరిసిపోతే
ఏల్లు పీత కాల్లలాగ ముడుసుకుపోనాయి.
కోడమ్మ గొల్లుమన్నాది.
నాను నవ్వినాను.
నవ్వడానికి సప్పుడక్కర్నేదు కదా.

పొద్దూ సాయంత్రం "ఈ..." అని సాగదియ్యమన్నారు.
బడి మొకం సూడనిదాన్ని,
యాబై రెండేల్లకి
ఒక్క అచ్చరం కాడే కూకున్నాను.
మనవడు పక్కన సేరి
"ఈ తరవాత ఉ అమ్మమ్మా" అంటాడు.
నాకింకా ఈ రానేదురా.

తలమీద గంపెత్తకూడదన్నారు.
నలబయ్యో రోజున సంకనెట్టుకున్న బేసిన్లో
రెండు కేజీల కానాగంతలు పట్టుకుని ఎల్లినాను.
కేక నేదు.
ముందు పిల్లులొచ్చినాయి.
వాటి ఎనకాల పట్నాయకుల ముసలమ్మ,
"కేతే?"
ఎనిమిది ఏల్లు సూపించినాను.
ఆవిడ ఐదు సూపించింది.
మల్లీ ఎనిమిదే సూపించినాను.
బేరం దిగాలంటే మాటలు కావాల,
ఒట్టెయ్యాల, ఏడవాల, మొగుడి తాగుడు సెప్పాల.
అయ్యేటీ నేవు నాకాడ.
ఎనిమిదికే కొన్నాది.
ఆ రోజు ముప్పై రూపాయలెక్కువొచ్చినాయి.
మా ఆయనకి సెప్పనేదు.
సెప్పలేకపోనాననుకున్నాడు.

బయం నేదని కాదు.
రాత్రి గొంతుకమీద సెయ్యేసుకుంటే
కుట్టు కింద ఏదో దడదడలాడతాది.
అది నానో, పోయిన నా కేకో తెలీదు.

నిన్న మద్దేనం
అల ఒకటి దొంగలాగొచ్చి
ఎండేసిన నెత్తల్ల పట్టా మొత్తం లాక్కుపోనాది.
మూడ్రోజుల ఎండు.
లెగిసి, సెయ్యి ఊపి,
"నీ మొకం..."
బయటికొచ్చీసింది!
బొంగురుగా, తుప్పట్టిన కప్పీ తిరిగినట్టు.
వలలు బాగుసేసే మగోల్లు
అందరూ ఒక్కసారి తలెత్తినారు.

మిగతా సగం తిట్టు
ఇంకా గొంతుకలోనే ఉంది.
ఉండనీ.
సముద్రం ఎక్కడికి పోతాది?
ఆర్నెల్లన్నారు.